పొట్టి రాడ్డు – పొడుగు లెక్క

(తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. – మేథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ)

సావనీరుకు వ్యాసం ఇవ్వమంటే మన మిత్రుల్లో చాలామంది దేశ భవిష్యత్తు గురించో, యువత బాధ్యతల గురించో, ప్రేమ గురించో రాస్తారు. అవీ రాయవలసినవే. నేను మాత్రం ఒక ఇనుప కడ్డీ గురించి రాయదలచాను. స్పోర్ట్స్ కారులో డ్రైవరు పక్కన నిలబడి వుండే గేరు రాడ్డు గురించి, దాన్ని పొట్టిచేసుకోవాలనే కోరిక గురించి. "రైతుబిడ్డవి, నీకు స్పోర్ట్స్ కార్ల గొడవ ఎందుకోయ్?" అని హాస్టలులో అప్పుడే ఇద్దరు ముగ్గురు నవ్వారు. నవ్వనివ్వండి. గునపం కింద రాయి పెట్టి బండను లేపినవాడికి, ట్రాక్టరు గేరు వెయ్యడానికి ఒళ్లంతా వంచినవాడికి ఈ కడ్డీ దగ్గర చుట్టమే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నచ్చనివారు పేజీ తిప్పుకోవచ్చు. గేరు రాడ్డు పొట్టిచేసుకోవడం తప్పు కాదు. కాని కారు వేగం పెరుగుతుందని చెప్పి పొట్టిచెయ్యడం మాత్రం తనను తాను మోసగించుకోవడమే. చేతికి ఇష్టమైతే ఇష్టమని ఒప్పుకుని చెయ్యాలి. ఎంత తగ్గించాలో, ఏ చివర తగ్గించాలో లెక్క చూసుకుని చెయ్యాలి. ఈ నాలుగు మాటలు నిలబెట్టడానికే ఈ నాలుగు పేజీలు.

ఈ సంగతి నా దాకా ఎలా వచ్చిందో చెప్పాలి. మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికాలో, టెక్సాస్‌లో వుద్యోగం చేస్తున్నాడు. అతని చదువు కోసం పెదనాన్న ఎకరం మాగాణి అమ్మాడు. అన్నయ్య అప్పు తీర్చాడు, చెల్లెలి పెళ్లి చేశాడు, ఊళ్లో ఇంటికి శ్లాబు వేయించాడు. అన్నీ అయ్యాక తనకోసమని కొనుక్కున్న మొదటి వస్తువు ఒక సెకండ్ హ్యాండ్ కారు. మాజ్దా కంపెనీవారి ఎం.ఎక్స్.–5. అక్కడివాళ్లు మియాటా అంటారట. రెండే సీట్లు, తీసి వెనక్కి మడిచే టాపు. ఫోటో చూసి పెదనాన్న, "ఇందులో మూటా ముల్లె ఎక్కడ పెడతార్రా?" అన్నాడు.

ఒకరోజు అన్నయ్య నాకు ఫోను చేశాడు. "ఒరేయ్, నువ్వు ఫిజిక్సు చదువుతున్నావుగా! గేరు రాడ్డు పొట్టిది వేస్తే బండి తొందరగా అందుకుంటుందని ఇక్కడ అందరూ అంటున్నారు. కొత్తది కొని బిగించుకోవచ్చు, లేదంటే వున్నదాన్నే పైన రెండంగుళాలు కోసి మళ్లీ మర తీయించుకోవచ్చు. ఏం చెయ్యమంటావు?" ఈ మాట విన్న పెదనాన్న, "బాగున్న బండిని కొయ్యడమేమిటి, వాడికి మతిగాని పోయిందా?" అన్నాడు. ఇద్దరి మధ్య నేను. నా బి.ఎస్సీ. చదువు పరీక్ష కాగితాలకేనా, ఇంట్లోవాళ్ల ప్రశ్నకు కూడా పనికొస్తుందా అన్నది తేల్చుకోవలసి వచ్చింది.

ఆ కారును గురించి రెండు మాటలు. జపానులో తయారయ్యే ఎం.ఎక్స్.–5 మొదటిసారి 1989 ఫిబ్రవరిలో చికాగో మోటారు ప్రదర్శనలో లోకానికి కనిపించింది. 1.6 లీటర్ల ఇంజను, అయిదు గేర్లు, లాగేవి వెనక చక్రాలు, బరువు సుమారుగా ఒక టన్ను. బలంలో చెప్పుకోదగ్గ కారు కాదు. అయినా 2016 ఏప్రిల్ నాటికి పది లక్షల కార్లు తయారైనాయి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ఇంతగా అమ్ముడైనది మరొకటి లేదు. దాన్ని రూపొందించినవారు పెట్టుకున్న సూత్రం పేరు "జింబా ఇట్టాయ్". రౌతూ గుర్రమూ ఒకటే శరీరంగా కదలాలని దాని భావం. మన దగ్గర మంచి బండి తోలేవాణ్ణి చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. పగ్గం వేలికి తగిలీ తగలకముందే ఎడ్లు మలుపు తిరుగుతాయి. గమనించవలసిందేమంటే, ఆ కారులో గేరు రాడ్డు కంపెనీనుంచి వచ్చేటప్పుడే పొట్టిది. కదలిక కొంచెమే. పొట్టిదాన్ని ఇంకా పొట్టిచెయ్యాలనేదే ఇక్కడి కోరిక.

రాడ్డులో మనకు కనిపించేది సగమే. తోలు తొడుగు కింద ఆ రాడ్డుకు ఒక ఇనుప బంతి వుంటుంది. ఆ బంతి ఒక గిన్నెలాంటి గూటిలో కూర్చుని అన్ని వైపులకూ తిరుగుతుంది. అదే ఆధారబిందువు. బంతికి కింద రాడ్డు మరికొంత దిగి, చివర ఒక చిన్న ప్లాస్టిక్ బుష్షు తొడుక్కుని, గేరుబాక్సులోని కడ్డీని పట్టుకుంటుంది. మన చెయ్యి పైచివరను ముందుకు తోస్తే కిందిచివర వెనక్కి పోతుంది. ముందుచక్రాలు లాగే చిన్న కార్లలో గేరుబాక్సు బానెట్ కింద అడ్డంగా వుంటుంది కనుక మధ్యలో కేబుళ్లో లింకులో వుంటాయి. మన పూర్వ విద్యార్థులు తోలిన అంబాసిడర్లలో, పద్మినీలలో అయితే స్టీరింగు కిందనుంచి లింకులు దిగి చాలా దూరం ప్రయాణం చేసేవి. ఎం.ఎక్స్.–5లో గేరుబాక్సు సరిగ్గా డ్రైవరు చేతి కిందే వుంది. మధ్యవర్తులు లేరు. అందుకే దాని గేరు అంత స్పష్టంగా చేతికి తెలుస్తుంది.

ఇక లెక్కలోకి వద్దాం. అంకెలు ఏ కారువీ కావు, సులభంగా వుండాలని నేను వేసుకున్నవి. బంతికి పైన రాడ్డు పొడుగు 200 మిల్లీమీటర్లు, కింద 40 అనుకోండి. నిష్పత్తి 5. గేరు పడటానికి కింద కడ్డీ 10 మిల్లీమీటర్లు జరగాలంటే పైన చెయ్యి 50 జరగాలి. కింద 200 న్యూటన్ల బలం కావలసివస్తే పైన 40 చాలు. గునపం లెక్కే ఇది. పొడుగు చివర పట్టుకున్నవాడికి శ్రమ తక్కువ, జరగవలసిన దూరం ఎక్కువ.

ఇప్పుడు పైన 50 మిల్లీమీటర్లు, అంటే అన్నయ్య చెప్పిన రెండంగుళాలు, కోసేద్దాం. పైన 150, కింద 40, నిష్పత్తి 3.75. చెయ్యి జరిగేది 50 నుంచి 37.5 మిల్లీమీటర్లకు తగ్గింది. బలం 40 నుంచి సుమారు 53 న్యూటన్లకు పెరిగింది. బలాన్ని దూరంతో గుణించి చూడండి. మొదట 2 జౌళ్లు, ఇప్పుడూ 2 జౌళ్లే. ప్రకృతి ఒక చేత్తో ఇచ్చింది ఇంకో చేత్తో తీసుకుంది. బజారులో కూడా ఇంత నిక్కచ్చి తూకం దొరకదు.

రెండో మార్గం వుంది. పైన కొయ్యకుండా బంతిని 10 మిల్లీమీటర్లు పైకి జరపడం. రాడ్డు మొత్తం పొడుగు 240 అలాగే వుంటుంది. కాని పైభాగం 190, కిందిభాగం 50 అవుతాయి. నిష్పత్తి 3.8. చెయ్యి 38 మిల్లీమీటర్లు జరిగితే చాలు. అంటే పైన 50 కోస్తే వచ్చే ఫలితం, బంతిని 10 జరిపితేనే దాదాపుగా వచ్చేసింది! నాబ్ ఎత్తు మారలేదు, చెయ్యి అలవాటుపడిన చోటే వుంది. బజారులో అమ్మే మంచి పొట్టి రాడ్లలో చాలావాటి రహస్యం ఇదే. పైకి చూస్తే పొట్టిగా కనిపించనే కనిపించవు. ఏ చివర తగ్గించాలన్నది తెలుసుకోవాలని మొదట అన్నది అందుకే. రంపం పట్టుకున్నవాడి చూపు ఎప్పుడూ పైచివర మీదే వుంటుంది. లెక్క మాత్రం కిందిచివర దగ్గర వుంది.

దీనికీ ఇబ్బందులు లేకపోలేదు. బంతి కూర్చునే గూడు పైకి లేపాలి. దానిమీది రబ్బరు తొడుగులు సరిగా కూర్చోకపోతే గేరుబాక్సు మోతా వేడీ నేరుగా మన మోకాలి పక్కకు వచ్చేస్తాయి. పైగా ఏ మార్గంలో తగ్గించినా ముందువెనకల కదలికే కాదు, పక్కలకు కదిలే దూరమూ తగ్గుతుంది. గేర్ల వరసలు దగ్గరవుతాయి. ఆదరాబాదరా చేతికి అక్కడే ప్రమాదం.

ఒక ఉదాహరణ చెబుతాను. మొదటి తరం ఎం.ఎక్స్.–5 అయిదు గేర్ల బాక్సులో రెండో గేరు నిష్పత్తి 1.888, మూడో గేరుది 1.330. మూడో గేరులో ఇంజను నిమిషానికి 6,500 చుట్లు తిరుగుతుండగా నాలుగో గేరు వెయ్యబోయి పొరపాటున రెండులోకి లాగితే ఏమవుతుంది? 6,500ను 1.888తో గుణించి 1.330తో భాగించండి. 9,200 దాటుతుంది. ఆ ఇంజనుకు ఎర్రగీత వున్నది 7,000 దగ్గర. యాక్సిలరేటరు తొక్కి ఇంజనును హద్దు దాటించబోతే ఆపే ఏర్పాటు కార్లలో వుంటుంది. కాని క్లచ్చు వదలగానే చక్రాలే ఇంజనును తిప్పేస్తుంటే ఆపేవాడు లేడు. వాల్వులు వంగవచ్చు, ఇంజనే పోవచ్చు. పొట్టి రాడ్డు వున్నవాళ్లందరికీ ఇలా జరుగుతుందని కాదు. దగ్గరైన గుమ్మాల్లో తొందర పనికిరాదని నా మనవి.

ఇప్పుడు అసలు ప్రశ్న. కారు తొందరగా అందుకుంటుందా? చెయ్యి సెకనుకు అర మీటరు వేగంతో కదులుతుందనుకుందాం. 50 మిల్లీమీటర్లకు సెకనులో పదో వంతు పడుతుంది. 37.5 అయితే మిగిలేది సెకనులో నలభయ్యో వంతు. గంటకు 72 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 20 మీటర్లు పోతుంది కనుక ఆ మిగులులో అది పోయే దూరం అర మీటరు, అంటే మన లెక్కలో మూరెడు. ఆ కాసేపూ కారు ఆగిపోదు, తన వేగంతో దొర్లుతూనే వుంటుంది. కాబట్టి నిజంగా కలిసివచ్చేది ఆ మూరెడు కూడా కాదు.

అంతటితో అయిపోలేదు. గేరు పడే వేళను నిర్ణయించేది మన చెయ్యి ఒక్కటే కాదు, లోపలి సింక్రోనైజరు కూడా. దాని కథ తెలుసుకోదగ్గది. పూర్వం గేరు మార్చాలంటే రెండుసార్లు క్లచ్చు తొక్కి, మధ్యలో ఇంజను వేగాన్ని చెవితో విని సరిచూసుకుని వెయ్యాలి. లేకపోతే పళ్లు గరగరమని అరిచేవి. అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు రూపొందించిన సింక్రోమెష్ పద్ధతిని 1928లో కాడిలాక్ కారులో పెట్టారు. గేరు పళ్లు కలవకముందే ఒక శంకువు ఆకారపు రింగు వెళ్లి గేరును ఒరుసుకుంటుంది. ఆ ఘర్షణతో రెండింటి వేగాలూ సమానమవుతాయి. నేటి బాక్సుల్లో, సమానమయ్యేదాకా రింగు అంచున వున్న పళ్లు దారి ఇవ్వవు. రాడ్డు ఒక క్షణం దేనికో తగిలి ఆగినట్లనిపించి, తర్వాత "టక్" మని లోపలికి పోతుందే, ఆ క్షణం ఇదే.

రెండో గేరులో 6,000 చుట్ల దగ్గర మూడు వేశామనుకోండి. క్లచ్చు పళ్లెంతో సహా లోపలి షాఫ్టు 6,000 నుంచి సుమారు 4,200కు దిగాలి. అంత గతిజశక్తిని ఆ చిన్న రింగు వేడిగా మార్చి పారెయ్యాలి. ఆ పని ఎంత తొందరగా అవుతుందన్నది రింగును ఎంత బలంతో నొక్కామన్నదాని మీద ఆధారపడుతుంది. బలం తగ్గితే కాలం పెరుగుతుంది. ఇక్కడ పొట్టి రాడ్డు మనకు అడ్డం తిరుగుతుంది చూడండి. అలవాటైన 40 న్యూటన్లతోనే తోస్తే పొడుగు రాడ్డు కింద 200 ఇచ్చేది. పొట్టి రాడ్డు ఇచ్చేది 150. పొడుగు రాడ్డుతో రింగు పనికి 0.15 సెకను పట్టేదనుకుంటే ఇప్పుడు 0.20 పడుతుంది. చెయ్యి దగ్గర మిగిలింది 0.025, రింగు దగ్గర పోయింది 0.05! మిగులుకు రెండింతలు నష్టం. దానికి విరుగుడు ఇంకా గట్టిగా తొయ్యడమే. సరిపడినంత తోస్తే ఫరవాలేదు. కాని పొట్టి రాడ్డు చేతికి వచ్చినవాడు సరిపడినంతతో ఆగడు, రింగు పని ముగియకముందే లోపలికి కుక్కుతాడు. అరిగేది రింగు. రింగు మార్చాలంటే గేరుబాక్సు దించి విప్పాలి. దానికి అయ్యే ఖర్చు ముందు రాడ్డు ఖరీదు ఏపాటిది?

పొట్టి రాడ్డు వేసుకున్నవారు, "గేరు ఎంత బిగువుగా పడుతుందో తెలుసా?" అంటారు. నిజమే, కాని ఆ బిగువుకు సగం కారణం వేరు. పాత బండిలో కిందిచివరి బుష్షు అరిగి 1 మిల్లీమీటరు వదులు వచ్చిందనుకోండి. పైన నాబ్ దగ్గర అది 5 మిల్లీమీటర్ల ఊగులాట. రాడ్డు కోస్తే 3.75కు తగ్గి బిగువుగా కనిపిస్తుంది. కాని మొత్తం కదలికలో ఊగులాట ముందూ పదో వంతే, ఇప్పుడూ పదో వంతే. వదులు ఎక్కడికీ పోలేదు, దాక్కుంది. కొత్త పొట్టి రాడ్డు కొన్నవాడు దానితోపాటు కొత్త బుష్షులు వేస్తాడు, చిరిగిన రబ్బరు మారుస్తాడు, బంతి గూటిలో ఎండిపోయిన ఆయిలు నింపుతాడు. పేరు మాత్రం పొట్టి రాడ్డుకు వస్తుంది. పండినది ఎరువుకో, విత్తనానికో తెలియకుండా రెండూ ఒకేసారి మార్చి, ఖరీదైనదానికి దండం పెట్టినట్లు. ఒకసారి ఒక్కటే మార్చి చూడాలని మనకు ప్రయోగశాలలో మొదటి సంవత్సరమే నేర్పారు కదా!

ఇంతవరకు చదివినవారు నన్ను పెదనాన్న పక్షం అనుకోవచ్చు. కాదు. "కంపెనీవాడు ఇంజనీర్లను పెట్టుకుని చేశాడు, వాడికంటె నీకు తెలుసా?" అనే వాదన నాకు బొత్తిగా నచ్చదు. కంపెనీవాడు లక్షల చేతులకు సరిపడే ఒక రాడ్డు చేశాడు. చలిదేశంలో ఆయిలు గడ్డకట్టిన పొద్దుటిపూట ముసలమ్మకు కూడా గేరు పడాలి కనుక బలం తక్కువ పట్టేటట్లు చూశాడు. అది వాడి ధర్మం. నా చెయ్యి ఏదో వాడికి తెలియదు. మా ఊళ్లో పారకు కామ వెయ్యాలంటే వడ్రంగి పట్టేవాణ్ణి పక్కన నిలబెట్టి చూస్తాడు. పొట్టివాడి పార కామ వేరు, పొడుగువాడిది వేరు. నాగలి మేడి మా నాన్నకు ఒక ఎత్తులో వుంటే మా బాబాయికి ఇంకో ఎత్తులో వుండేది. పనిముట్టును ఒంటికి తగినట్లు దిద్దుకోవడం మన రైతు వేలయేళ్లనుంచి చేస్తున్నదే. ఎవరూ దాన్ని మతిపోవడం అనలేదు. పెదనాన్న పార కామను కూడా ఆయనే చెక్కించుకున్నాడు!

కాని అక్కడొక తేడా వుంది. ఆ రాడ్డు మీద పడేది ఎవరి చెయ్యి? మా దగ్గరి ఊళ్లో ఒక కుర్ర ఆసామి సోకు కోసం తన ట్రాక్టరు గేరు రాడ్డు జానెడు కోయించి, పైన మెరిసే నాబ్ బిగించాడు. ట్రాక్టరు తోలేది ఆయన కాదు, కూలికి వచ్చే యాభై ఏళ్ల డ్రైవరు. మా వైపు పాత ట్రాక్టర్లకు ముందుకు 8 గేర్లు, వెనక్కి 2. సింక్రోనైజరు వుండదు. బండి ఆపి, గేరు వేసి, కదిలించాలి. దమ్ముల రోజుల్లో పొద్దస్తమానం మడి చివర మలిపినప్పుడల్లా గేరు. పది రోజులకు డ్రైవరు భుజం లేవలేదు. ఆయన ఏమీ అనలేదు. ఆ నాబ్ ఊడదీసి, రాడ్డుకు ఒక జి.ఐ. పైపు ముక్క తొడిగి, మళ్లీ పొడుగు చేసుకున్నాడు. లివరు సూత్రాన్ని ఇంత చక్కగా చెప్పిన పాఠం నేను ఏ క్లాసులోనూ వినలేదు. అన్నయ్య కారు అన్నయ్య ఒక్కడే తోలతాడు. ఆ కడ్డీ మీద ఆయనకు పూర్తి హక్కు వుంది. పదిమంది తోలే బండి మీద ఒకడి ఇష్టానికి రంపం పెట్టడం మాత్రం అన్యాయం.

"డబ్బున్నవాళ్ల సరదాకు ఇంత చర్చా?" అనే మిత్రులకూ ఒక మాట. సరదాను సరదా అని ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదు. వేగమే కావాలంటే దానికి దారి రాడ్డు కొయ్యడం కాదు, రాడ్డే లేకుండా చెయ్యడం. ఆ పని ఎప్పుడో జరిగిపోయింది. 1989లో ఫెరారీవారి రేసు కారులో జాన్ బర్నార్డ్ అనే రూపకర్త స్టీరింగు వెనక రెండు రెక్కలు అమర్చి, వేళ్లతో నొక్కితే గేరు మారేటట్లు చేశాడు. ఆ ఏడాది మార్చిలో బ్రెజిల్‌లో మొదటి పోటీలోనే నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. 1997లో అదే పద్ధతి ఫెరారీ ఎఫ్–355 రోడ్డు కారులోకి వచ్చింది. తర్వాత ఫెరారీవారు తమ కార్లలో చేతిగేరే మానేశారు. రేసు పందెంలో మనిషి చెయ్యి అప్పుడే ఓడిపోయింది. ఓడిపోయాక కూడా చేతిగేరు కారు కొనేవాడు వేగం కోసం కొనడు. యంత్రం తన చేతిలో పలకాలని కొంటాడు. మాజ్దావారు 2015లో తెచ్చిన నాలుగో తరం ఎం.ఎక్స్.–5లో కూడా ఆరు గేర్ల చేతిబాక్సు పెట్టింది అందుకే. ఆ ఆనందం చిన్నది కాదు. చదువుకీ అప్పుకీ పెళ్లికీ పదేళ్లు ధారపోసిన మనిషి, ఆదివారం పొద్దున్న ఖాళీ రోడ్డు మీద రెండునుంచి మూడుకు గేరు వేస్తూ ఒక "టక్" వినాలనుకుంటే అది దుబారా అని నేననను. అబద్ధపు కారణం మాత్రం వద్దంటాను. వేగం కోసమని చేసినవాడు ఇంకా వేగం, ఇంకా వేగం అని కుక్కుతూనే వుంటాడు. ఇష్టం కోసమని చేసినవాడు చాలినచోట ఆగుతాడు.

కనుక అన్నయ్యకు నేను చెప్పిన వరస ఇది. మొదట ఏదీ కొయ్యవద్దు. బుష్షులు, రబ్బరు తొడుగులు మార్చు. గేరుబాక్సు ఆయిలు కారు పుస్తకంలో చెప్పిన రకమే పోయించు, బంతి గూటిలో కూడా పోయించు. ఇవి వేసి నెల్లాళ్లు తోలు. అప్పటికీ చెయ్యి తృప్తి పడకపోతే కొంచెం బరువైన నాబ్ బిగించి చూడు. బరువు పెరిగితే జడత్వం పెరిగి, కదిలిన రాడ్డు సాఫీగా లోపలికి పోతుంది. పోర్షేవారు 917 రేసు కారులో బరువు తగ్గించడానికి బాల్సా కర్రతో నాబ్ చేయించారు. ఆ పట్టింపు రేసుకు, నీకు అక్కర్లేదు. అప్పటికీ కోరిక తీరకపోతే బంతిని పైకి జరిపిన రాడ్డు కొనుక్కో. నాలుగో వంతుకు మించి తగ్గించకు. వున్న రాడ్డును కొయ్యక దాచిపెట్టు. మరలో బిగించినది మళ్లీ విప్పవచ్చు, రంపంతో కోసినది మళ్లీ అతకదు.

అన్నయ్య బుష్షులు, ఆయిలు మార్పించాడు. "సగం కోరిక తీరిపోయిందిరా" అన్నాడు. మిగిలిన సగానికి రాడ్డు కొంటాడో మానతాడో ఆయన ఇష్టం. కొంటే నేను వద్దనను. పెదనాన్నతో కూడా అదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "పైన కొయ్యకుండా కింద జరుపుతాడన్నమాట. అట్లాగైతే సరే" అన్నాడు. లివరు సూత్రం ఆయనకు నేను నేర్పలేదు, ఆయన చేతుల్లోనే వుంది.

మిత్రులారా, మనం లివరు పాఠం బట్టీపట్టి, పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకుని, మర్నాడు మరిచిపోతున్నాం. మన హాస్టలు ముందు నిలబడే ఏ కారైనా, ఏ ఆటో అయినా దాని నిండా ఈ పాఠమే వుంది. గురువులకు ఒక చిన్న విన్నపం. ప్రయోగశాలలో స్ప్రింగ్ త్రాసు వుంది, స్కేలు వుంది. కాలేజీ జీపు ఆపివుంచి, దాని గేరు రాడ్డును మూడు ఎత్తుల్లో పట్టి లాగి, బలం ఎంత, కదిలిన దూరం ఎంత అని విద్యార్థులచేత కొలిపించండి. మూడు చోట్లా లబ్ధం దాదాపు ఒకటే అని కళ్లారా చూసినవాడు, జీవితంలో ఎవరైనా "ఖర్చు లేకుండా లాభం" అని చెప్పుకొస్తే, "ఏ చివరినుంచి తీశావయ్యా?" అని అడగకుండా వుండడు. ఆ ఒక్క ప్రశ్న అడగడం వస్తే, మనం చదివిన మూడేళ్ల సైన్సుకు అంతకంటె కావలసిందేముంది?